పరుగు అయిపోయింది, లెక్క ఎప్పుడు చెబుతారు?

సేవా పరుగులు, నడకలు నిర్వహించే సంస్థలకు,
వాటి కోసం ఆన్‌లైన్‌లో విరాళాలు పోగుచేసే వేదికలకు,
ఆ డబ్బు అందుకునే ట్రస్టులకు, సొసైటీలకు,

నమస్కారం.

మీరు తలపెట్టిన పని మంచిది. చలిలో, తెల్లవారకముందే వచ్చి మంచినీళ్ల బల్లలు వేసి, అందరూ వెళ్లాక రోడ్డు మీది ప్లాస్టిక్ గ్లాసులు ఏరిన వాలంటీరు పిల్లలకు ఈ లేఖలో ఒక్క మాటా తగలదు. మర్యాదలు ఇంతటితో చాలిస్తాను. ఇంతకంటే ఎక్కువ మర్యాదగా రాసిన మెయిళ్లకు మీ దగ్గర నుంచి వచ్చింది 'మీ అభ్యర్థన మా టీమ్‌కు పంపాం' అన్న యంత్రపు జవాబు ఒక్కటే. ఫోన్ చేస్తే ఈవెంటు కంపెనీని అడగమన్నారు. ఈవెంటు కంపెనీ విరాళాల వేదికను అడగమంది. వేదిక ట్రస్టును అడగమంది. ట్రస్టు ఆఫీసుకు వెళితే, అక్కడ కూర్చున్న అమ్మాయి పాపం తనకు తెలిసినంత వరకు చెప్పింది: డబ్బు ఇంకా పూర్తిగా తమ ఖాతాలో పడలేదని. అందుకే ఈ లేఖ బహిరంగంగా రాస్తున్నాను.

నేను హైదరాబాద్‌లో ఒక సహకార బ్యాంకులో పనిచేస్తాను. 2024 డిసెంబరులో మొదటిసారి ఒక సేవా పరుగులో పాల్గొన్నాను. తలసేమియా పిల్లల చికిత్స కోసం నెక్లెస్ రోడ్డు మీద 10 కిలోమీటర్ల పరుగు. నిర్వాహకుల పేరు గానీ ట్రస్టు పేరు గానీ రాయడం లేదు. ఒకరి పేరు రాస్తే మిగతావాళ్లు 'మన గొడవ కాదులే' అనుకుని పేజీ తిప్పేస్తారు. ఆఫీసులో, బంధువుల్లో వేరే వేరే పరుగుల్లో పాల్గొన్నవాళ్లను అడిగాను. పేర్లు మారాయి గానీ కథ పెద్దగా మారలేదు.

తెలియనివారి కోసం పద్ధతి చెబుతాను. పరుగులో చేరడానికి ప్రవేశ రుసుము 1,200 రూపాయలు. దానికి టీషర్టు, పతకం, చివర్లో టిఫిను. అది కాక 'నిధుల సేకరణ సవాలు' అని ఇంకొకటి ఉంటుంది. అందులో చేరితే మన ఫొటోతో ఒక పేజీ తయారు చేసి ఇస్తారు. 25,000 రూపాయల లక్ష్యం పెడతారు. ఆ పేజీ లింకును వాట్సాప్‌లో తెలిసినవాళ్లందరికీ పంపి విరాళాలు అడగాలి. నా పేజీ మీద, నా పేరుతో, నేను రాయని వాక్యం ఒకటి ఉంది: 'నేను పరుగెత్తే ప్రతి కిలోమీటరూ ఒక చిన్నారికి ఊపిరి.' తలసేమియా రక్తానికి సంబంధించిన జబ్బు, ఊపిరితిత్తులది కాదు. మార్చమని అడిగితే టెంప్లేటు మార్చడం కుదరదన్నారు.

పరుగెత్తడం పెద్ద కష్టమేమీ కాలేదు. మోకాళ్ల సంగతి మోకాళ్లకే వదిలేస్తున్నాను. కష్టమల్లా అడగడంలోనే. మా ఇంట్లో అప్పు అడిగిన రోజులున్నాయి గానీ చందా అడిగిన రోజు లేదు. అప్పైతే తీర్చేస్తాం, చందా ఎలా తీర్చాలి? అయినా అడిగాను. మా అపార్ట్‌మెంట్‌లో అడిగాను, బ్యాంకులో అడిగాను, నరసరావుపేటలో ఉన్న పిన్నిని అడిగాను, న్యూజెర్సీలో ఉన్న అన్నయ్యను అడిగాను. పై అంతస్తులో ఉండే రిటైర్డ్ హెడ్మాస్టారు పింఛను పడ్డ రోజు తానే వచ్చి 2,000 రూపాయలు చేతిలో పెట్టి, 'రసీదు వస్తే నాకివ్వమ్మాయ్, ఫైల్లో పెట్టుకుంటాను' అన్నారు. మా వాచ్‌మన్‌ను నేను అడగలేదు. అతనే ఎక్కడో విని 200 రూపాయలు తెచ్చిచ్చాడు. వద్దంటే బాధపడతాడని తీసుకున్నాను. ఆన్‌లైన్ తెలియనివాళ్లు ఇచ్చిన నగదును నా యూపీఐ నుంచి కట్టి, ఎవరు ఎంత ఇచ్చారో ఒక రూళ్ల పుస్తకంలో రాసుకున్నాను. బ్యాంకు అలవాటు.

లక్ష్యం దాటింది. పేజీ మీద రంగు కాగితాల వాన కురిసింది. పరుగు మర్నాడు పొద్దున్నే ధన్యవాదాల మెయిలు, దానితో పాటు నా పేరున్న సర్టిఫికెట్టు వచ్చాయి. ఆ తరువాత ఇంతవరకు ఏమీ లేదు. మొత్తం ఎంత వసూలైంది, ఎంత ఖర్చైంది, ట్రస్టుకు ఎంత చేరింది, దానితో ఏం చేశారు, ఎంతమంది పిల్లలకు చేశారు: ఈ ఐదింటిలో ఒక్కదానికీ జవాబు లేదు. నేను ఎవరినీ దొంగలనడం లేదు. డబ్బు సక్రమంగానే ఖర్చై ఉండవచ్చు. కానీ ఆ మాట చెప్పాల్సింది మీరు, ఊహించుకోవాల్సింది మేము కాదు.

మీరు మరచిపోతున్నది ఒక్కటే విషయం. ఆ డబ్బులు మీ సంస్థను చూసి ఎవరూ ఇవ్వలేదు, మా మొహాలు చూసి ఇచ్చారు. మా పిన్నికి మీ ట్రస్టు పేరు పలకడం కూడా రాదు. నేను అడిగాను కాబట్టి ఇచ్చింది. అంటే మా పరపతిని మీరు వాడుకున్నారు. బ్యాంకు భాషలో మేము హామీదారులం. అప్పు తీసుకున్నవాడి ఖాతా ఎలా ఉందో తెలుసుకునే హక్కు హామీదారుకు ఉంటుంది. ఆ పాటి హక్కు మాకెందుకు లేదు?

నలుగురి ముందూ జోలె పట్టడం మన నేలకు కొత్త కాదు. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు సినిమా తారలు వీధుల్లోకి వచ్చి చందాలు పోగుచేశారు. అంతకుముందు 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డారు. ఒక మనిషి ఊరూరా నడుస్తూ పేదల కోసం అడగడం, ఎవరికి తోచింది వాళ్లు ఇవ్వడం అక్కడే మొదలైంది. మరి ఆ తరువాత? ఇచ్చినవారి మంచితనంలో లోపం లేదు, అడిగినవారి చిత్తశుద్ధిలోనూ లేదు. అయినా ఏ సర్వే నంబరు ఎవరికి చేరిందన్న రికార్డు సరిగ్గా నిలవక, భూదాన భూముల కబ్జాల మీద ఇవాళ్టికీ కోర్టుల్లో కేసులు నడుస్తున్నాయి. లెక్క రాయని దానం రెండు తరాల తరువాత ఎక్కడికి చేరుతుందో తెలంగాణ వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఈ తరహా సవాళ్లకు ఆద్యుడనదగ్గ కెనడా కుర్రవాడు టెర్రీ ఫాక్స్ కథ మీరంతా మీ ప్రసంగాల్లో చెబుతారు. క్యాన్సర్ వల్ల ఒక కాలు పోగొట్టుకుని, కృత్రిమ కాలుతో 1980లో 143 రోజుల పాటు 5,373 కిలోమీటర్లు పరుగెత్తాడు. కెనడాలో ఒక్కొక్కరి తరఫున ఒక్కో డాలరు రావాలని అతని కోరిక. 1981 ఫిబ్రవరి నాటికి 2 కోట్ల 41 లక్షల డాలర్లు దాటాయి, కోరిక తీరింది. అదే ఏడాది జూన్‌లో కన్నుమూశాడు. మీరు చెప్పని సగం ఏమిటంటే, తన పరుగును వ్యాపార ప్రచారానికి వాడుకోనివ్వనని అతను పట్టుబట్టాడు. అతని పేరు మీద జరిగే పరుగులకు ఇప్పటికీ ప్రవేశ రుసుము పెట్టరు. మీ టీషర్టు వెనుక ఎన్ని కంపెనీల గుర్తులున్నాయో మీరే లెక్కపెట్టుకోండి. తలసేమియా అన్న మాట ఎక్కడుందో నేను వెతుక్కోవాల్సి వచ్చింది.

దగ్గరి ఉదాహరణ కావాలంటే, 2014లో ప్రపంచమంతా నెత్తిన ఐసు నీళ్లు గుమ్మరించుకుంటున్నప్పుడు హైదరాబాద్ పాత్రికేయురాలు మంజులత కళానిధి రైస్ బకెట్ చాలెంజ్ మొదలుపెట్టారు. ఒక బకెట్ బియ్యం, అవసరమున్న ఒక మనిషి, మధ్యలో ఎవరూ లేరు. ఇచ్చినవాడికి తను ఇచ్చింది ఎవరికి చేరిందో కళ్లముందే కనబడింది. ప్రతి పనీ అలా చేయలేం, నిజమే. తలసేమియా బిడ్డకు నేను చేత్తో రక్తం ఎక్కించలేను కదా. మధ్యలో సంస్థ ఉండాల్సిందే. అందుకే మధ్యలో ఉన్న సంస్థకు నోరు కూడా ఉండాలంటున్నాను.

మీ మౌనం వల్ల ఎవరికి ఏం జరుగుతోందో ఇప్పుడు వరుసగా చెబుతాను.

1. అడిగినవాళ్లం తలెత్తుకోలేకపోతున్నాం. సంక్రాంతి వెళ్లాక ఒకరోజు మా వాచ్‌మన్ లిఫ్టు దగ్గర ఆపి, 'మేడం, మన పైసలు ఆ పిల్లగాండ్లకు ముట్టినయా?' అని అడిగాడు. ముట్టాయని చెబితే అబద్ధం, ముట్టలేదని చెబితే అదీ అబద్ధమే కావచ్చు. కనుక్కుని చెబుతానన్నాను. తనిచ్చిన 200 రూపాయల మీద ఆడిటర్ నివేదిక కోరే మనిషి కాదతను, ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట నా దగ్గర లేదు. మళ్లీ అడగకుండా ఉండే మర్యాద అతనికి ఉంది. దానివల్ల నాకు ఇంకా కష్టంగా ఉంది.

2. రసీదులు రాలేదు. ఇది మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదు, చట్టానిది కూడా. మేము డబ్బు ఇచ్చిన నాటికి అమల్లో ఉన్న 1961 ఆదాయపు పన్ను చట్టం ప్రకారం, 80జీ (దాతలకు పన్ను మినహాయింపు వచ్చే సెక్షన్) గుర్తింపున్న సంస్థ ఒక ఆర్థిక సంవత్సరంలో అందుకున్న విరాళాల వివరాలను తరువాతి మే 31 లోపు ఫారం 10బీడీలో ఆదాయపు పన్ను శాఖకు ఇవ్వాలి. దాతలకు ఫారం 10బీఈ ధ్రువపత్రం ఇవ్వాల్సిన గడువూ అదే. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము, ఆపైన 10,000 నుంచి లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. 2024 డిసెంబరులో ఇచ్చిన డబ్బుకు 2025 మే 31 గడువు. అది దాటిపోయింది. కొత్త పన్ను విధానంలో 80జీ మినహాయింపు లేదు గనుక ఎవరూ అడగరులే అని మీరు అనుకుని ఉండవచ్చు. మా హెడ్మాస్టారు పాత విధానంలోనే ఉన్నారు. ఆయన 2,000 నగదుగా ఇచ్చారు, నగదుకు 80జీలో పరిమితి కూడా సరిగ్గా 2,000 రూపాయలే. ఆయన అన్నీ తెలిసే ఇచ్చారు. తెలియనిది మీకే. ఎందుకంటే మీ వేదికలో 'ఇతరుల తరఫున కడుతున్నాను' అని రాసే గడే లేదు. నేను కట్టిన నగదంతా నా పాన్ నంబరు మీద నా సొంత విరాళంగా నమోదైంది. రేపు ధ్రువపత్రం వచ్చినా అది నా పేరు మీద వస్తుంది. నేను ఇవ్వని డబ్బుకు నాకు పన్ను మినహాయింపు, ఇచ్చినాయనకు మొండిచెయ్యి.

3. విదేశాల నుంచి ఇచ్చేవాళ్లను ప్రమాదంలో పెడుతున్నారు, వాళ్లకంటే ఎక్కువగా ట్రస్టును. తెలుగువాళ్ల ఇళ్లలో అమెరికాలో ఒకరైనా లేని ఇల్లు తక్కువ. ఎవరం చందా మొదలుపెట్టినా మొదటి మెసేజీ అక్కడికే పోతుంది. విదేశీ విరాళాల చట్టం ప్రకారం, భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే మనిషి అక్కడి పౌరసత్వం తీసుకుంటే, చేతిలో భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డున్నా సరే, అది విదేశీ విరాళమే. అలాంటి డబ్బు తీసుకోవాలంటే సంస్థకు ఆ చట్టం కింద అనుమతి ఉండాలి. 2020 సవరణ తరువాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే పడాలి. ఒక సంస్థ అలా అందుకున్న దాన్ని ఇంకో సంస్థకు బదలాయించడానికీ వీల్లేదు. మా అన్నయ్య పదేళ్ల కిందటే అమెరికా పౌరుడయ్యాడు. హైదరాబాద్‌లో ఉన్న ఖాతా కార్డుతో కట్టాడు. మీ పేజీ అతన్ని పౌరసత్వం ఏదని అడగను కూడా అడగలేదు. రేపు తనిఖీ జరిగి ట్రస్టు అనుమతికి ముప్పు వస్తే నష్టపోయేది ఈవెంటు కంపెనీ కాదు, మూడు వారాలకోసారి రక్తం కోసం వచ్చే పిల్లలు.

4. 'టిప్పు' పేరిట చిన్న దాతల జేబు కోస్తున్నారు. మా పిన్ని 1,000 రూపాయలు ఇద్దామనుకుంది. కట్టింది 1,140. ఆ 140 వేదిక నిర్వహణకు ఇచ్చే టిప్పట. ముందుగానే ఎంచిపెట్టి ఉంది. తీసేయాలంటే 'ఇతర' అన్న చోట నొక్కి, సున్నా అని టైపు చేయాలి. 64 ఏళ్ల మనిషి, కళ్లద్దాలు వెతుక్కుంటూ ఆ సున్నా ఎక్కడ కొట్టాలో కనిపెట్టాలన్నమాట. వినియోగదారులను మభ్యపెట్టే ఇలాంటి ఎత్తుల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు ప్రకటించింది. అందులో 13 రకాల ఎత్తులు పేర్కొంది. అడగకుండా బిల్లులో అదనపు మొత్తాలు చేర్చడం వాటిలో ఒకటి. దానం ఇచ్చేవాడు వినియోగదారుడు కాడని మీ లాయర్లు వాదించవచ్చు. వాదించనివ్వండి. సేవకు రుసుము తీసుకుంటున్నామని చెప్పి తీసుకోండి, ఇస్తాం. వేదిక నడపడానికి ఖర్చవుతుందని మాకు తెలుసు. బిడ్డ ఫొటో పక్కన పెట్టి, మొహమాటపెట్టి లాగడం ఎందుకు?

5. ఇది అన్నిటికంటే ముఖ్యమైనది. ఆ పిల్లల కుటుంబాలు. పరుగుకు ముందు మాలో కొందరిని రక్తం ఎక్కించే కేంద్రానికి తీసుకెళ్లారు. అది మంచి పని, దానికి కృతజ్ఞతలు. మంచాల మీద పిల్లలు ఒక చేతికి సూది పెట్టించుకుని, రెండో చేత్తో హోంవర్కు రాసుకుంటున్నారు. తలసేమియా మేజర్ ఉన్న బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, జీవితాంతం. ఎక్కించిన రక్తంతో పాటు ఒంట్లో ఇనుము పేరుకుంటుంది. అది గుండెను, కాలేయాన్ని దెబ్బతీయకుండా రోజూ మందులు వాడాలి. అక్కడ నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒక తల్లితో మాట్లాడాను. మీ పోస్టరు మీదున్న ఫొటో ఆమె కొడుకుది. పరుగు సంగతి ఆమెకు తెలియదు. ఏదో కాగితం మీద సంతకం పెట్టమంటే ఆస్పత్రి కాగితమనుకుని పెట్టిందట. ఆ పోస్టరు వాళ్ల ఊరికీ చేరింది. బళ్లో పిల్లలు వాడి పక్కన కూర్చోవడానికి జంకారు. చుట్టాలైతే, 'మీకు లక్షలు వచ్చినయంట గద' అని అడుగుతున్నారు. అప్పు ఇచ్చినవాడు వచ్చి తలుపు తట్టాడు. ఆమెకు అందింది ఎప్పటిలాగే ఉచిత రక్తం, బస్సు చార్జీలు కూడా చేతివే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు పిల్లల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల నికరమైన సమ్మతి కావాలంటోంది. చట్టం సంగతి అలా ఉంచండి. ఫొటో ఎక్కడెక్కడ వేస్తారో, ఎందుకు వేస్తారో ఆ తల్లికి తెలుగులో ఒక్కసారి చెప్పి ఉంటే సరిపోయేది.

6. డబ్బు దేనికో సరిగ్గా చెప్పకపోవడం వల్ల అసలు అవసరాలు మరుగున పడుతున్నాయి. మీ పోస్టరులో 'మీ వెయ్యి రూపాయలు ఒక యూనిట్ రక్తం' అని ఉంది. తలసేమియా రోగుల నుంచి రక్తానికి ప్రాసెసింగ్ చార్జీలు తీసుకోకూడదని జాతీయ రక్త మార్పిడి మండలి మార్గదర్శకాలున్నాయి. అలాంటప్పుడు మా వెయ్యి రూపాయలు దేనికి? తెల్లకణాలను వడకట్టే ఫిల్టర్లకా? ఇనుము తగ్గించే మాత్రలకా? ఎముక మజ్జ మార్పిడికా? నర్సుల జీతాలకా? ఏదైనా ఒప్పుకుంటాం, నర్సు జీతం తీసుకోవడం పాపమేమీ కాదు. చెప్పకపోవడమే తప్పు. ఇంకో సంగతి: ఏప్రిల్, మే నెలల్లో కాలేజీలు మూసేస్తారు, రక్తదాన శిబిరాలు తగ్గిపోతాయి, ఈ పిల్లలకు రక్తం దొరకడం కష్టమవుతుంది. డిసెంబరులో డబ్బు ఇచ్చిన వేలమందిలో కొందరినైనా మేలో రక్తం ఇవ్వమని పిలిచి ఉండవచ్చు. మా ఫోన్ నంబర్లన్నీ మీ దగ్గరే ఉన్నాయి. వాటికి మేలో మీ దగ్గర నుంచి వచ్చిన మెసేజీ మరుసటి పరుగుకు ముందస్తు రాయితీ గురించి.

7. చివరిది. ఇవాళ నన్ను నమ్మి ఇచ్చినవాళ్లు రేపు ఎవరు అడిగినా ఇవ్వరు. నిజంగా పైసాపైసాకు లెక్క చెప్పే చిన్న ట్రస్టులు ఎన్నో ఉన్నాయి. వాళ్లకు ఈవెంటు కంపెనీలు, టీషర్టులు ఉండవు. మీ మౌనానికి మూల్యం వాళ్లు చెల్లిస్తున్నారు.

మీ తరఫు వాదన నాకు తెలుసు. ట్రస్టు ఆఫీసులో ఉన్నది ముగ్గురే మనుషులని, లెక్కలు తేలడానికి సమయం పడుతుందని, స్పాన్సర్ల డబ్బు ఆలస్యంగా వస్తుందని చెబుతారు. ముగ్గురే ఉండవచ్చు. కానీ పరుగు రోజు ఎవరు ఎన్ని నిమిషాల ఎన్ని సెకన్లలో పరుగెత్తారో వేలమందికి మధ్యాహ్నంలోగా ఫోన్లకు పంపారు. కాలికి కట్టిన చిప్పు నా ప్రతి కిలోమీటరునూ లెక్కపెట్టింది. నా నెమ్మది నడక అంత కచ్చితంగా మీకు తెలిసినప్పుడు, నా డబ్బు ఎక్కడుందో తెలియకపోవడం వింతగా ఉంది. స్పాన్సర్ల సంగతీ ఒకటి. మారథాన్ లాంటి ఒక్కరోజు కార్యక్రమాల మీద పెట్టిన ఖర్చును కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) ఖర్చుగా లెక్కించడానికి వీల్లేదని కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2014 జూన్‌లోనే సర్క్యులర్ ఇచ్చింది. స్టేజీ మీద చెక్కు బొమ్మ పట్టుకుని ఫొటో దిగిన కంపెనీ ఆ డబ్బును ఏ పద్దు కింద రాసుకుందో, అందులో ట్రస్టుకు ఎంత వెళ్లిందో, హోర్డింగులకు ఎంత వెళ్లిందో కూడా చెబితే బాగుంటుంది.

ప్రభుత్వానికి కూడా ఒక ముక్క. మహారాష్ట్రలో పబ్లిక్ ట్రస్టుల మీద చారిటీ కమిషనర్ కార్యాలయం ఉంది. బ్రిటన్‌లో విరాళాలు అడిగే తీరు మీద ఫిర్యాదులు వినడానికే 2016లో ఒక నియంత్రణ సంస్థ పెట్టుకున్నారు. మన రెండు రాష్ట్రాల్లో దేవాదాయ శాఖ ఉంది, సొసైటీల రిజిస్ట్రార్ ఉన్నారు. కానీ ఫోన్లో 200 రూపాయలు చందా ఇచ్చిన మామూలు మనిషి ఎవరి కిటికీ దగ్గర నిలబడాలో ఎక్కడా రాసి లేదు. పరుగుకు రోడ్డు మూయడానికి పోలీసుల అనుమతి కావాలి, పార్కు వాడుకోవడానికి నగరపాలక సంస్థ అనుమతి కావాలి. ఆ దరఖాస్తులోనే 'గత ఏడాది వసూళ్ల లెక్క జతపరచండి' అని ఒక్క వరుస చేర్చండి. కొత్త చట్టం అక్కర్లేదు.

మా డిమాండ్లు ఇవి.

ఒకటి, పరుగు జరిగిన 60 రోజుల్లోపు ఒక్క పేజీ లెక్క, తెలుగులో, పాల్గొన్న ప్రతి ఒక్కరికీ పంపాలి. ప్రవేశ రుసుముల కింద ఎంత, విరాళాల కింద ఎంత, స్పాన్సర్ల నుంచి ఎంత, నిర్వహణకు ఎంత, వేదిక కోత ఎంత, ట్రస్టు ఖాతాలో ఏ తేదీన ఎంత పడింది. ఆడిట్ అయ్యాక మారితే మార్చి మళ్లీ పంపండి, ఎవరూ తప్పుపట్టరు.

రెండు, డబ్బు అడిగే ముందే, ప్రతి 100 రూపాయల్లో ట్రస్టుకు చేరేది ఎంతో పేజీ మీద రాయాలి. ప్రవేశ రుసుము విరాళం కాదని, దానికి 80జీ రాదని కూడా అక్కడే రాయాలి. మాతో చేరినవాళ్లలో చాలామంది 1,200 కూడా పిల్లలకే వెళుతుందనుకున్నారు.

మూడు, టిప్పు గడి సున్నా దగ్గర మొదలవ్వాలి.

నాలుగు, నగదు పోగుచేసి కట్టేవాళ్లకు దాతల పేర్లు విడివిడిగా నమోదు చేసే వీలుండాలి. పాన్ లేని వాచ్‌మన్‌కూ, పనమ్మాయికీ కనీసం ఫోన్‌కు ఒక రసీదు మెసేజీ వెళ్లాలి. విదేశాల్లో ఉన్నవాళ్లను పౌరసత్వం అడిగి, సరైన దారి చూపించాలి, లేదా మర్యాదగా వద్దనాలి.

ఐదు, పిల్లల ఫొటోలు. తల్లిదండ్రులకు వాళ్ల భాషలో చదివి వినిపించి సమ్మతి తీసుకోవాలి. ఎప్పుడు వద్దన్నా తీసేయాలి. మొహం కనిపించకుండా వేసినా ఇచ్చేవాళ్లు ఇస్తారు.

ఆరు, ఫిర్యాదులకు ఒక మనిషి పేరు, ఫోన్ నంబరు ప్రకటించాలి. మెయిలు చిరునామా చాలదు. అది మేము చూశాం.

ఇవన్నీ చేయడం అసాధ్యమనిపిస్తే, ముంబై మారథాన్‌ను చూడండి. 2004 నుంచి జరుగుతోంది, దాని ద్వారా ఏ సంస్థకు ఎంత పోగైందో అక్కడ బయటపెడతారు. అక్కడ పరుగెత్తేవాళ్లకూ కాళ్లు రెండే.

ఈ ఏడాది పరుగుకు నాకు ఆహ్వానం వచ్చింది. 'స్టార్ ఫండ్‌రైజర్' అని పిలిచి, ఈసారి లక్ష్యం 50,000 అన్నారు. పోయినసారి లెక్క నా చేతికి వచ్చే వరకు నేను ఆ పేజీ తెరవను, ఒక్కరికీ లింకు పంపను. నాతో పరుగెత్తిన బ్యాంకు ఉద్యోగులు, మా అపార్ట్‌మెంట్ వాళ్లు ఇదే మాట మీద ఉన్నారు. పిల్లలకు ఇవ్వాల్సింది ఆపడం లేదు. మేలో మేమంతా కలిసి వెళ్లి రక్తం ఇచ్చి వచ్చాం, వచ్చే మేలోనూ వెళతాం.

ట్రస్టుకు నా రూళ్ల పుస్తకం పేజీల జిరాక్సు కాపీలు ఈ లేఖతో జతచేసి పంపుతున్నాను. పేర్లు, మొత్తాలు, తేదీలు ఉన్నాయి. మీ ఖాతాతో సరిపోల్చి, తేడా ఉంటే ఎక్కడుందో 30 రోజుల్లోపు రాతపూర్వకంగా తెలియజేయండి. జవాబు రాకపోతే 10బీఈ విషయం ఆదాయపు పన్ను శాఖకూ, టిప్పు విషయం వినియోగదారుల హెల్ప్‌లైన్‌కూ విడివిడిగా ఫిర్యాదు చేస్తాం. రెండు ఫిర్యాదులూ రాసి సిద్ధంగా ఉంచాను.

ఇట్లు,
ఒక సహకార బ్యాంకు ఉద్యోగిని, హైదరాబాద్

ప్రతులు: పరుగు నిర్వాహకులకు, విరాళాల వేదికకు, ట్రస్టు కార్యదర్శికి, నగర పోలీసు ట్రాఫిక్ విభాగానికి, మా అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డుకు.